లింకు ఉంటే చాలదు, కాపీ ఉండాలి



పోయిన వారం మామిడికాయ తొక్కు ఏడాదంతా బూజు పట్టకుండా ఎట్లా దాచుకోవాలో చెప్పుకున్నాం. ఈ వారం కూడా దాచుకోవడం గురించే. అయితే ఈసారి జాడీలో కాదు, ఫోన్‌లో. "పెళ్లి ఫొటోలు లింకులో కనబడుతున్నాయి కానీ కాపీ కావడం లేదు", "సగం దిగి ఆగిపోతున్నాయి", "జాగా లేదని వస్తోంది" అని మీలో చాలామంది అడుగుతున్నారు. పిల్లలను అడిగితే "సాయంత్రం చూస్తానమ్మా" అంటారు. ఆ సాయంత్రం ఎప్పుడొస్తుందో మనకు తెలుసు కదా! నేనూ ఇంటర్ వరకే చదివినదాన్ని. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో లెక్క పెట్టుకోగలిగిన ఎవరైనా ఈ పని చేసుకోగలరు. భయపడకుండా చదవండి.

ముందు ఈ క్లౌడ్ అంటే ఏమిటో చూద్దాం. మాటకు అర్థం మబ్బు. కానీ మన ఫొటోలు ఏ మబ్బులోనూ ఉండవు. గూగుల్ లాంటి కంపెనీల పెద్ద పెద్ద కంప్యూటర్లలో ఉంటాయి. పెద్ద అల్మారాలో మనకొక అర ఇచ్చారనుకోండి. కొంతవరకు కిరాయి లేదు, ఎక్కువ కావాలంటే నెలకింత అని కట్టాలి. అల్మారా వాళ్లది, సామాను మనది. తాళంచెవి మన జీమెయిల్ అడ్రసు, పాస్‌వర్డు. ఎవరి ఖాతా వాళ్లది, ఎవరి అర వాళ్లది.

మన జిల్లాలో ఇది ఇంటింటి ముచ్చట. ఇటు నిజామాబాద్, అటు బోధన్, చుట్టుపక్కల ఊళ్లలో ఏ వాడకట్టుకు వెళ్లినా గల్ఫ్‌లో ఉన్న మనిషి లేని వాడకట్టు ఉండదు. దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి ఫొటోలు వస్తాయి. పాస్‌పోర్టు కాపీలు, వీసా కాగితాలు కూడా ఆ ఫోన్ల మీదనే తిరుగుతాయి. ఇక బోధన్ శక్కర్‌నగర్ సంగతి చూడండి. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. క్వార్టర్లలో పక్కపక్కన బతికిన కుటుంబాలు తలో ఊరికి పోయాయి. చెరుకు బండ్లు వరుసగా నిలబడ్డ ఫొటో, క్వార్టర్ ముందు బతుకమ్మ ఆడిన ఫొటో ఇప్పుడు ఏ హైదరాబాద్ మేనల్లుడో స్కాన్ చేసి తన ఖాతాలో పెట్టుకుని ఉంటాడు. మిగతా అందరి దగ్గర ఉన్నది లింకు మాత్రమే.

ఇక్కడే అసలు విషయం ఉంది. చూడగలగడం వేరు, మన దగ్గర ఉండటం వేరు. పక్కింటివాళ్ల టీవీ మన కిటికీలోంచి కనబడినంత మాత్రాన మన ఇంట్లో టీవీ ఉన్నట్టు కాదు. వాళ్లు తలుపు వేసుకుంటే మనకు కనబడదు. లింకు కూడా అంతే. ఎవరి ఖాతాలోంచి షేర్ చేశారో వాళ్లు డిలీట్ చేసినా, షేర్ చేయడం ఆపేసినా, వాళ్ల ఖాతా పోయినా మన లింకు వట్టి లింకుగా మిగులుతుంది.

మా వాడకట్టులో ఒక చెల్లె ఉంది. భర్త మస్కట్‌లో పని చేస్తూ అక్కడే పోయాడు. బతికుండగా తన ఫోన్‌లోని ఫొటోలు, వీడియోలు ఒక ఆల్బమ్‌గా పెట్టి ఆమెకు షేర్ చేశాడు. ఆయన పోయి ఏడాదిన్నర దాటింది. ఆమె రోజూ రాత్రి పిల్లను పండుకోబెట్టి చూసుకుంటుంది. "నా ఫోన్లనే ఉన్నయి కదక్కా" అంది. ఉన్నవి ఆమె ఫోన్‌లో కాదు, ఆయన ఖాతాలో. ఆ ఖాతా తెరిచే మనిషి లేడు, పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. గూగుల్ నియమం ప్రకారం రెండేళ్లు అసలు వాడని సొంత ఖాతాను, అందులోని ఫొటోలు, మెయిళ్లతో సహా తీసేయవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఈ నియమం అమలులో ఉంది. అంటే ఆమెకు మిగిలింది ఆరు నెలల లోపే. ఒక ఆదివారం పూట కూర్చుని అన్నీ ఆమె ఖాతాలోకి తెచ్చుకున్నాం. ఎట్లా తెచ్చుకున్నామో, ఎక్కడెక్కడ ఆగిందో మీకు ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదటిది: ఏ ఖాతాలో ఉన్నారో చూసుకోండి

చాలా ఇళ్లలో ఒకే ఫోన్‌లో రెండు జీమెయిళ్లు ఉంటాయి. ఒకటి ఫోన్ కొన్నప్పుడు కొడుకు పెట్టింది, ఒకటి మన పేరుతో చేసింది. లింకు ఒక అడ్రసుకు పంపితే, మనం ఇంకో దానితో తెరుస్తాం. "యాక్సెస్ కావాలి" అని వస్తుంది. కుడివైపు పైమూలన గుండ్రంగా మన బొమ్మో, పేరు మొదటి అక్షరమో ఉంటుంది. దాన్ని నొక్కితే ఏ ఖాతాలో ఉన్నామో తెలుస్తుంది. అక్కడే మార్చుకోవచ్చు కూడా. కాపీ అయిన ఫొటోలు కనబడడం లేదని వెతికేవాళ్లు కూడా ముందు ఇదే చూడాలి. సరైన తాళంచెవి వేరే గుత్తిలో ఉన్నప్పుడు బీరువాను తిట్టి లాభం లేదు.

రెండోది: జాగా ఉందా?

గూగుల్ ఒక్కో ఖాతాకు ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఇది ఒక్క ఫొటోలకే కాదు. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి 15. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఇందులోకే లెక్క. ఇంతకుముందు కొంచెం నాణ్యత తగ్గించిన ఫొటోలు ఎన్నయినా ఉచితంగా పెట్టుకోనిచ్చేవారు. 2021 జూన్ 1 నుంచి ఎక్కించినవన్నీ లెక్కలోకి వస్తున్నాయి. అందుకే "ఎన్నడూ లేనిది ఇప్పుడెందుకు నిండింది?" అని మనకు అనిపిస్తుంది.

ఇంకొక మాట. ఎవరో షేర్ చేసిన ఫొటోలు చూస్తున్నంతసేపు అవి వాళ్ల జాగాలోనే ఉంటాయి. మనం కాపీ చేసుకోగానే మన జాగాలోకి వస్తాయి. కాబట్టి వాళ్ల ఆల్బమ్ 6 జీబీ ఉంటే మన దగ్గర 6 జీబీ ఖాళీ ఉండాలి. లేకపోతే కొన్ని ఎక్కి మిగతావి ఆగిపోతాయి.

ఖాళీ ఎట్లా చేయాలి? ముందు చెత్తబుట్ట. డిలీట్ చేసినవి వెంటనే పోవు. డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు, బ్యాకప్ అయిన ఫొటోలైతే గూగుల్ ఫొటోస్ చెత్తబుట్టలో 60 రోజులు ఉంటాయి. అన్నాళ్లూ జాగా ఆక్రమించే ఉంటాయి. వంటింట్లో ఊడ్చిన చెత్త మూలకు నెట్టి, ఇల్లు ఖాళీ అయిందనుకున్నట్టు! ఒకసారి చూసుకుని బుట్ట ఖాళీ చేయండి. తర్వాత పెద్ద వీడియోలు, ఒకటే ఫొటో నాలుగుసార్లు ఉన్నవి, గుడ్ మార్నింగ్ బొమ్మలు తీసేయండి. వాటితోనే సగం తేలికవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోను మామూలుగా డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది. ఫోన్‌లో మాత్రమే జాగా కావాలంటే "ఫ్రీ అప్ స్పేస్" అనేది వాడాలి. అది క్లౌడ్‌కు చేరిన వాటినే ఫోన్‌లోంచి తీస్తుంది. ఈ రెండింటి తేడా తెలియకుండా చెయ్యి పెట్టకండి.

మూడోది: అనుమతి ఉందా?

డ్రైవ్‌లో ఏదైనా ఫైలు పక్కన మూడు చుక్కలు ఉంటాయి. నొక్కితే "మేక్ ఎ కాపీ" అని వస్తుంది. అది నొక్కితే మన ఖాతాలో ఇంకొక కాపీ తయారవుతుంది. అది మనది. అసలు ఫైలును వాళ్లు తీసేసినా మన కాపీకి ఏమీ కాదు. అదే చోట "యాడ్ షార్ట్‌కట్" అని కూడా ఉంటుంది. చాలామంది ఇది నొక్కి కాపీ అయిందనుకుంటారు. షార్ట్‌కట్ అంటే దారి చూపే బోర్డు మాత్రమే. ఊరికి వెళ్లే దారి బోర్డు మన ఇంటి ముందు పెట్టుకుంటే ఊరు మనదవుతుందా?

కొన్నిసార్లు కాపీ అన్న మాటే కనబడదు. డౌన్‌లోడ్ కూడా ఉండదు. ఫోన్ చెడిపోలేదు. పంపినవాళ్లు చూడటానికి మాత్రమే ఇచ్చి, కాపీ, డౌన్‌లోడ్, ప్రింట్ ఆపేశారన్నమాట. పెళ్లి ఫొటోల విషయంలో స్టూడియోవాళ్లు డబ్బు లెక్క పూర్తయ్యేవరకు ఇట్లా ఉంచడం కూడా ఉంటుంది. మనం ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. ఫోన్ చేసి "డౌన్‌లోడ్ ఆన్ చేయండి" అని అడగాలి. స్టూడియోవాళ్లు కూడా ఆ లింకు ఎల్లకాలం ఉంచరు. వాళ్లకూ జాగా కావాలి కదా. ఎన్ని రోజులు ఉంచుతారో అడిగి క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

గూగుల్ ఫొటోస్‌లో షేర్ చేసిన ఆల్బమ్ అయితే మాట వేరు. అక్కడ "సేవ్" అని ఉంటుంది. అది నొక్కితేనే ఆ ఫొటోలు మన లైబ్రరీలోకి వస్తాయి. ఆల్బమ్‌లో చేరినంత మాత్రాన రావు. మా చెల్లె చేయవలసింది ఇదే.

నాలుగోది: ఫోల్డర్ మొత్తం కాపీ కావడం లేదా?

ఫైలు మీద "మేక్ ఎ కాపీ" వస్తుంది, ఫోల్డర్ మీద మాత్రం రాదు. ఫోన్ తప్పు కాదు, డ్రైవ్ పద్ధతే అంత. ఫోల్డర్ అంటే డబ్బా. డబ్బాను కాపీ చేయలేం, లోపలి గింజలను కాపీ చేయాలి. ఫోల్డర్ తెరిచి ఒక ఫొటోను గట్టిగా నొక్కి పట్టుకుని, తర్వాత మిగతావి ఒక్కొక్కటి తాకుతూ పోవచ్చు. ఇరవై, ముప్ఫై అయితే సరే. నాలుగు వందలుంటే కంప్యూటర్ దగ్గర కూర్చోవడం మేలు. అక్కడ కంట్రోల్ బటన్ పట్టుకుని ఏ నొక్కితే అన్నీ ఒకేసారి ఎంపికవుతాయి. కాపీలు ఎక్కడ పడ్డాయో కనబడకపోతే "మై డ్రైవ్"లో చూడండి. పేరు ముందు "కాపీ ఆఫ్" అని ఉంటుంది.

కంప్యూటర్‌లోకి దింపుకోవాలంటే ఫోల్డర్ మీదనే డౌన్‌లోడ్ ఇవ్వవచ్చు. అన్నీ కలిపి ఒక జిప్ మూటగా వస్తుంది. ఫోల్డర్ పెద్దదైతే ఒక మూట కాదు, రెండు మూడు మూటలుగా వస్తుంది. ఇక్కడే చాలామందికి దెబ్బ తగులుతుంది. మొదటి మూట విప్పి, సగం ఫొటోలు చూసి, మిగతావి పోయాయనుకుంటారు. మూటలన్నీ దిగేవరకు ఆగి, అన్నీ విప్పి, ఒకే చోట పోసుకోండి.

నెట్ సెంటర్‌లో ఈ పని చేస్తే మాత్రం లేచే ముందు ఖాతాలోంచి సైన్ అవుట్ చేయండి. ఆ కంప్యూటర్‌లో దిగిన ఫొటోలు కూడా డిలీట్ చేసి రండి. మన ఆడపిల్లల ఫొటోలు ఎవరి కంప్యూటర్‌లోనో వదిలిపెట్టి రాకూడదు.

ఐదోది: సగంలో ఆగిపోతోందా?

దింపుకోవడం త్వరగా అవుతుంది, ఎక్కించడం ఆలస్యమవుతుంది. నిజాంసాగర్ కాలువ మొదట్లో ఉన్న పొలానికి నీళ్లు పారినట్టు చివరి పొలానికి పారవు చూడండి, అట్లా. పైగా ఫొటోల బ్యాకప్ వైఫై ఉంటేనే జరగాలని కొన్ని ఫోన్లలో పెట్టి ఉంటుంది. ఇంట్లో వైఫై లేకపోతే అది ఎదురుచూస్తూనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాతో కూడా ఎక్కేలా మార్చుకోవచ్చు. ముందు మీ రోజువారీ డేటా ఎంతో చూసుకోండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నా పని ఆగుతుంది. రాత్రి పడుకునేముందు ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టి, బ్యాటరీ సేవర్ తీసేసి వదిలేస్తే పొద్దుటికి చాలావరకు ఎక్కి ఉంటుంది. పెరుగు తోడుపెట్టినట్టే, ఊరికే మూత తీసి చూడకూడదు.

అందరూ ఒకేసారి ఒక వీడియో మీద పడితే "ఎక్కువమంది చూశారు, ఇప్పుడు కుదరదు" అన్న అర్థంతో ఒక మాట వస్తుంది. పెళ్లి వీడియో లింకు అన్ని గ్రూపులకూ పంపినప్పుడు ఇట్లా జరగవచ్చు. ఒకరోజు ఆగి చూడండి.

ఆరోది: పెన్‌డ్రైవ్‌లోకి పోవడం లేదా?

పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంటుంది, వీడియో 5 జీబీ ఉంటుంది, అయినా "ఫైలు చాలా పెద్దది" అంటుంది. కారణం ఇదీ: చాలా పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఉంటాయి. అందులో ఒక్కొక్క ఫైలు 4 జీబీ మించకూడదు. మొత్తం ఎంత జాగా ఉన్నా సరే. దాన్ని ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతికి ఫార్మాట్ చేస్తే పెద్ద వీడియోలూ పడతాయి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి. కాబట్టి ముందు ఉన్నవి వేరేచోటికి తీసి పెట్టుకున్నాకే చేయండి.

అయిపోయాక సరిచూసుకోవడం

ఇది చేయకపోతే పైన చేసిందంతా వృథా. మూడు పనులు చేయండి. ఒకటి, లెక్క. అక్కడెన్ని ఫొటోలు, ఇక్కడెన్ని? మా చెల్లె ఆల్బమ్‌లో సేవ్ అయిందనుకుని లేవబోయాం. లెక్క చూస్తే పదకొండు తక్కువ. ఆ పదకొండూ వీడియోలే. ఆమె జాగా మధ్యలో నిండిపోయింది. పిల్లను పేరుపెట్టి పిలుస్తూ ఆయన మాట్లాడినవి ఆ వీడియోల్లోనే ఉన్నాయి. చెత్తబుట్ట ఖాళీ చేసి, పాత సినిమా ఒకటి తీసేసి, మళ్లీ సేవ్ చేశాకే వచ్చాయి.

రెండు, తెరిచి చూడటం. మొదటిది, చివరిది, మధ్యలో నాలుగు. వీడియో అయితే చివరి నిమిషం దాకా జరిపి చూడండి. సగం దిగిన వీడియో మొదట్లో బాగానే ఆడి మధ్యలో ఆగుతుంది.

మూడు, ఫోన్‌లోనే ఉందా లేదా అన్న పరీక్ష. డేటా, వైఫై రెండూ ఆపేయండి. అప్పుడు ఫొటో తెరిచి పెద్దది చేయండి. ముఖం స్పష్టంగా కనబడితే మీ ఫోన్‌లో ఉన్నట్టు. మసకగా ఉండి తిరుగుతూ ఉంటే అది క్లౌడ్‌లోనే ఉన్నట్టు. రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది.

ముఖ్యమైన ఫొటోలు మూడు చోట్ల ఉండటం మంచిది. మన ఖాతాలో ఒకటి, పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్కులోనో ఒకటి, ఊళ్లో ఇంకొక మనిషి దగ్గర ఒకటి. వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది. "డాక్యుమెంట్"గా పంపితే ఉన్నది ఉన్నట్టు పోతుంది.

కాగితాల సంగతి

ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు లాంటి వాటికి ప్రభుత్వం 2015లో తెచ్చిన డిజీలాకర్ ఉంది. అందులో "ఇష్యూడ్" అన్న చోట నేరుగా ఆఫీసునుంచి వచ్చిన పత్రాలకు అసలు కాగితంతో సమానమైన విలువ ఉంది. మనమే ఫొటో తీసి ఎక్కించిన వాటికి ఆ విలువ లేదు, అవి జిరాక్సు లాంటివే. ఈ తేడా గుర్తుంచుకోండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, ఇన్సూరెన్సు కాగితాల కాపీలు వాళ్ల ఫోన్‌లోనే కాదు, మీ ఖాతాలోనూ ఉండాలి. ఒక జిరాక్సు బీరువాలోనూ ఉండాలి. ఆపద వచ్చినప్పుడు అడిగేది ఆ కాగితాలనే.

ఇవన్నీ లింకుతో పంపేటప్పుడు "లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు" అని పెట్టకండి. మనిషి జీమెయిల్ అడ్రసు రాసి వాళ్లకు మాత్రమే ఇవ్వండి. "మీ క్లౌడ్ నిండింది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. అట్లా ఎవరూ అడగరు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇంట్లో ఆయనతో కూడా ఒక మాట మాట్లాడండి. అశుభం అనుకోకండి. గూగుల్‌లో "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" అని ఒకటి ఉంది. కొన్ని నెలలు ఖాతా వాడకపోతే ఎవరికి అందులోని ఫొటోలు, కాగితాలు అందాలో ముందే రాసి పెట్టుకోవచ్చు. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా గడువు మనమే ఎంచుకోవచ్చు. బ్యాంకు ఖాతాకు నామినీని పెడతాం, ఎల్‌ఐసీకి పెడతాం. పిల్లల చిన్నప్పటి ఫొటోలున్న ఖాతాకు ఎందుకు పెట్టకూడదు? ఆయన సెలవు మీద వచ్చినప్పుడు పక్కన కూర్చుని పెట్టించండి. పది నిమిషాల పని.

ఈ ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఒక్క లింకు తీయండి. మీకు అన్నిటికంటే ఇష్టమైన ఫొటోలున్నది ఏదో అదే. అది ఎవరి ఖాతాలో ఉందో చూసి, మీ ఖాతాలోకి తెచ్చుకుని, డేటా ఆపి పరీక్ష చేయండి. ఎక్కడైనా ఆగితే స్క్రీన్ మీద ఏం రాసి వచ్చిందో అక్షరం పొల్లుపోకుండా రాసి పంపండి. "రావడం లేదు" అని మాత్రమే రాస్తే జబ్బు చెప్పకుండా మందు అడిగినట్టుంటుంది!

వచ్చే వారం సకినాలు నూనెలో విడిపోకుండా ఉండాలంటే పిండి ఎట్లా పట్టించాలో మాట్లాడుకుందాం. అంతదాకా సెలవు.